నేలమాళిగలో నీళ్ళా? ముందు పైకి చూడండి

(విజయనగరంలో పాత ఇళ్ళ యజమానులు, తాపీ మేస్త్రీలు, ఇంజనీరింగ్ విద్యార్థులు కూర్చున్న సభలో ఒక కట్టడ పరిరక్షణ ఇంజనీరు చేసిన ప్రసంగం, చివర అడిగిన ప్రశ్నలతో సహా)

అందరికీ నమస్కారం. పెద్దలకు, మేస్త్రి గార్లకు, గుమ్మం దగ్గర నిలబడిపోయిన పాలిటెక్నిక్ పిల్లలకు కూడా. ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, రండి బాబూ, వచ్చి కూర్చోండి.

అసలు మాట ముందే చెప్పేస్తాను, మిగతాదంతా దాని వివరమే. పాత కట్టడం కింది గదిలో నీళ్ళు కనబడగానే మనం కిందకి చూస్తాం. నేల తవ్వుతాం, గోడకి సిమెంటు కొడతాం, రసాయనాలు పూస్తాం. చాలాసార్లు ఆ నీళ్ళు కింది నుంచి రావు. పైకప్పు నుంచి, విరిగిన గొట్టం నుంచి, వాలు తప్పిన వాకిలి నుంచి, ఎత్తు పెరిగిన రోడ్డు నుంచి వస్తాయి. ఎక్కడి నుంచి వస్తున్నాయో తేల్చుకోకుండా గోడ ముట్టుకోవద్దు. తేలాక కూడా నీళ్ళకి అడ్డం నిలబడకండి, బయటికి పోయే దారి చూపించండి. సున్నంతో కట్టిన గోడ అలాగే బతుకుతుంది.

మన దగ్గర భూమిలోపలి గదులు ఎక్కడున్నాయండీ అని కొందరు అడుగుతుంటారు. పాత లోగిళ్ళలో ధాన్యం దాచుకున్న పాతరలు ఉన్నాయి. జమీందారీ బంగళాల్లో మెట్లు దిగి వెళ్ళే కొట్లు ఉన్నాయి. కోట గోడలున్నాయి. కోటంటే బయటికి కనబడే రాయి మాత్రమే కాదు, దాని పునాది, చుట్టూ ఉండే కందకం, నీళ్ళు పోయే తూములు అన్నీ కలిస్తేనే కోట. విజయనగరం కోట 1713 నాటిది. మూడు వందల ఏళ్ళుగా వానలు కురుస్తున్నా అంత ఎత్తు గోడలు నిలబడ్డాయంటే, పడిన నీరు ఎటు పోవాలో కట్టినవాళ్ళకి తెలుసన్నమాట. ఇవి కాక ఇంకో రకం నేలమాళిగలున్నాయి. అవి ఎవరూ కట్టించుకున్నవి కావు. వాటికే మన ఊళ్ళలో నీళ్ళ బాధ ఎక్కువ కాబట్టి వాటి గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను.

మీ వీధిలో పాత ఇల్లు ఒకటి గుర్తు తెచ్చుకోండి. ఒకప్పుడు వీధిలోంచి నాలుగు మెట్లెక్కి అరుగు మీదకి వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు ఆ నాలుగు మెట్లలో ఎన్ని కనబడుతున్నాయి? రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోయారు. పాతది చెక్కి తీసేసి వెయ్యాల్సింది పోయి, పాతదాని మీదే మళ్ళీ తారు, ఆ తర్వాత దాని మీద సిమెంటు రోడ్డు. పక్కన కాలువ గోడ కూడా అంత ఎత్తుకీ లేచింది. ఇల్లు ఉన్నచోటే ఉంది, వీధి పైకి వచ్చింది. బేస్‌మట్టం మొత్తం మట్టిలో కూరుకుపోయాక, గాలి తగిలి ఆరాల్సిన రాతి కట్టుబడి ఏడాది పొడుగునా తడి మట్టిని ఆనుకుని ఉంటోంది. ముందుగది నేల వీధి కంటే పల్లమైపోయింది. ఇంటివాళ్ళేమో గోడకి చెమ్మ ఎక్కుతోంది, పునాది పాడైపోయింది అంటారు. పునాదికి ఏమీ కాలేదు. దాని చుట్టూ భూమట్టం మారింది, అంతే. ఇలాంటి ఇంటికి నేను మొదట రాసే మందు ఏ రసాయనమూ కాదు. గోడ వెంబడి అడుగున్నర వెడల్పున పేరుకున్న మట్టిని పాత మట్టం దాకా తీసెయ్యండి. ఆ సందుని రాతి పలకలతోనో జల్లితోనో తెరిచి ఉంచండి, దాని అడుగున నీరు వాలి పోయే ఏర్పాటు చెయ్యండి. గోడకి మళ్ళీ గాలి తగలడం మొదలైతే ఒక వేసవిలోనే తేడా చేతికి తెలుస్తుంది.

ఇక మన వానల సంగతి. మనకి ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లు దాటి పడుతుంది. అది ఎప్పుడు పడుతుందన్నది ఇంకా ముఖ్యం. జూన్ నుంచి నేల తాగుతూనే ఉంటుంది. దసరా, సిరిమానోత్సవం రోజులొచ్చేసరికి చెరువులు, గెడ్డలు, మట్టి అన్నీ నిండి ఉంటాయి. సరిగ్గా అప్పుడే తుపాను వస్తుంది. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చింది. తిత్లీ 2018 అక్టోబరు 11న శ్రీకాకుళం జిల్లాని కొట్టింది. గులాబ్ 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటింది. తాగే చోటు లేని నేల మీద ఒక్కరోజులో కుండపోత పడితే ఆ నీరు పక్కకి, మన గోడ వైపు నెట్టుకొస్తుంది. మీటరు లోతు నీరు అడుగున చదరపు మీటరుకి టన్ను బరువుతో తోస్తుంది. రెండు మీటర్లయితే రెండు టన్నులు. అందుకని మార్చి నెలలో వచ్చి గోడ చూసి, ‘పొడిగానే ఉందండీ, ఏ ఇబ్బందీ లేదు’ అని చెప్పేవాళ్ళ మాట నమ్మకండి. కింది గదిని అక్టోబరులో చూడాలి.

దీనికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. పాత ఇంట్లో నుయ్యి ఉంటుంది కదా. చాలామంది దాన్ని చెత్తతో పూడ్చేస్తున్నారు, దయచేసి పూడ్చకండి. భూమి లోపల నీరు ఎంతవరకు ఉందో చెప్పే కొలబద్ద అది. తాడుకి ముడులు వేసి, వారానికోసారి నూతి గట్టు నుంచి నీటిమట్టం ఎంత కిందుందో కొలిచి, గోడ మీద కేలండర్‌లోనే రాసుకోండి. ఒక వర్షాకాలం అలా రాస్తే చాలు. నూతి నీరు మీ నేలమాళిగ నేల కంటే పైకి ఎప్పుడైనా వచ్చిందా? వస్తే మీకున్నది ఊట సమస్య. ఎప్పుడూ కిందే ఉండి, లోపల గోడ మాత్రం తడుస్తుంటే అది పైనీరు, లేదా లీకేజీ, లేదా గాలిలో తేమ. వైద్యం దేనికది వేరు. లక్షలు పెట్టబోయే ముందు ఈ ఒక్కటి తెలుసుకోండి.

గోడ దేనితో కట్టారన్నది తర్వాతి సంగతి. పోర్ట్‌లాండ్ సిమెంటుకి ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నది 1824లో. మన దేశంలో సిమెంటు పెద్ద ఎత్తున తయారవడం 1914లో పోరుబందర్‌తో మొదలైంది. మన గంటస్తంభం 1885 నాటిది. అంటే ఈ ఊళ్ళో పేరున్న పాత కట్టడాలన్నీ సున్నం కాలానివే. సున్నపురాయిని తొమ్మిది వందల డిగ్రీల దగ్గర కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు పోయి రాతిసున్నం మిగులుతుంది. నీళ్ళు పోసి విరగదీసి, ఇసుకతో కలిపి, గానుగలో వేసి నూరితే డంగుసున్నం అవుతుంది. గోడలో పెట్టాక అది గాలిలోంచి పోగొట్టుకున్న వాయువునే తిరిగి పీల్చుకుని గట్టిపడుతుంది. మరి భూమిలోపల, గాలి ఆడని చోట ఎలా గట్టిపడుతుంది? వట్టి సున్నం సరిగా గట్టిపడదు. మన మేస్త్రీలకి అది తెలుసు. అందుకే ఇటుకపొడి, అదే సుర్కీ, కలిపారు. కాలిన మట్టిలో ఉండే సిలికా, అల్యూమినా సున్నంతో కలిసి తడిలో కూడా గట్టిపడతాయి. ఇంగ్లండులో జాన్ స్మీటన్ అనే ఇంజనీరు 1750ల్లో ఎడ్డీస్టోన్ లైట్‌హౌస్ కోసం సముద్రపు నీటిలో నిలిచే సున్నం వెతికి, సున్నపురాయిలో బంకమట్టి పాలు ఉంటే అది నీళ్ళలోనూ గట్టిపడుతుందని తేల్చాడు. మనవాళ్ళు ఆ మట్టినే కాల్చి, పొడి చేసి, విడిగా కలుపుకునేవాళ్ళు. నూతి ఒరలకి, చెరువు తూములకి, నీళ్ళ తొట్లకి వాడింది ఇదే. నాకు ఎంతో గౌరవం ఉన్న పనితనం ఇది.

సున్నపు గోడ నీటిని పూర్తిగా ఆపదు. కొంచెం పీలుస్తుంది, ఎండ రాగానే వదిలేస్తుంది. సన్నటి పగులు పడితే నీటిలో కరిగిన సున్నమే అందులో పేరుకుని పూడుస్తుంది కూడా. పీల్చడం, ఆరడం ఈ రెండూ సాగినంతకాలం గోడకి ఢోకా లేదు. అలాంటి గోడకి లోపలివైపు సిమెంటు గిలాబా చేసి, పైన ఎపాక్సీ పెయింటు వేస్తే ఏమవుతుంది? తడిబట్టని ప్లాస్టిక్ కవర్లో మూట కట్టినట్టే, ఆరడం ఆగిపోతుంది. నీరు రావడం మాత్రం ఆగదు. బయటి మట్టి ఎప్పటిలాగే తడి ఇస్తూనే ఉంటుంది. లోపలికి వచ్చిన తడి సిమెంటు దాటలేక గోడలోనే పైకి పాకి, సిమెంటు ఎక్కడ అయిపోయిందో అక్కడ బయటపడుతుంది. మూడడుగుల దాకా కొడితే నాలుగో అడుగులో తేలుతుంది. దాంతో యజమాని ఆరడుగుల దాకా కొట్టిస్తాడు. చెమ్మ ఎనిమిదో అడుగుకి చేరుతుంది, అక్కడ దూలం చివర గోడలో కూర్చుని ఉంటుంది. అప్పటికి టేకు దూలం కొస మెత్తబడుతుంది. నేలమాళిగలో మొదలైన బాధ పైకప్పుకి ఎలా చేరుతుందో చూశారా?

ఇందులో నీటి కంటే దుర్మార్గమైనది ఉప్పు. ఒక గోడ దగ్గరికి మిమ్మల్ని తీసుకెళ్తాను. ఈ చుట్టుపక్కల ఊళ్ళోనే, ఒక పాత లోగిలిలో మెట్లు దిగితే వచ్చే కొట్టు. ఎడమ గోడకి నడుము ఎత్తులో తెల్లటి చార, అరచేయి వెడల్పు. దూరానికి సున్నం వేసినట్టే ఉంటుంది. దగ్గరికెళ్ళి టార్చి పక్కవాటుగా కొడితే సన్నటి వెంట్రుకల్లా ముళ్ళు నిలబడి కనిపిస్తాయి. గోటితో గీరితే వేలికి పొడి అంటదు, దాని వెనకున్న ఇటుకే ఎర్రటి పొట్టుగా రాలుతుంది. కింద నేల మీద ఎర్రపొడి చిన్న గట్టులా పేరుకుని ఉంది. ఆ చార కింద గోడ తడిగా ఉన్నా గట్టిగానే ఉంది. చార పైన పొడిగా, గట్టిగా ఉంది. దెబ్బతిన్నదల్లా ఆ అరచేయి వెడల్పే. ఎందుకంటే నీరు ఆరిపోయేది అక్కడే, ఉప్పు మిగిలేది అక్కడే. ఇటుకలో ఉండే సన్నటి రంధ్రాల్లో ఉప్పు గడ్డకట్టి, లోపల్నుంచి నెట్టి పెచ్చులు లేపుతుంది. సోడియం సల్ఫేటు లాంటిదైతే పొడిగా ఉన్నది తేమని పట్టుకోగానే దాని పరిమాణం మూడు రెట్లు దాటుతుంది. ఆ గోడ అవతల ఒకప్పుడు పశువులశాల ఉండేది. గోమూత్రం తరాల తరబడి మట్టిలోకి ఇంకి, నైట్రేట్లు గోడలోకి ఎక్కాయి. శాల పోయి చాలా కాలమైనా ఉప్పు పోలేదు. అంతకుముందే ఒక కంపెనీ వాళ్ళు వచ్చి, పదేళ్ళ గ్యారంటీ అని కాగితం ఇచ్చి, గోడకి సిమెంటు రసాయనం పూసి వెళ్ళారు. రెండు వానాకాలాలకే పూత పలకలు పలకలుగా ఊడింది, ఊడేటప్పుడు దాన్ని అంటుకుని ఇటుక ముఖం కూడా వచ్చేసింది. ఆ ఇటుకల్ని ఎవరు తిరిగి తెస్తారు? ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

అలాంటివాళ్ళు జేబులోంచి రెండు సూదులున్న చిన్న మీటరు తీసి గోడకి గుచ్చి, ‘చూడండి, తొంభై తేమ’ అని చూపిస్తారు. ఆ మీటరు కొలిచేది కరెంటు ఎంత తేలిగ్గా పారుతోందన్నది. గోడలో ఉప్పుంటే తేమ తక్కువున్నా అంకె ఎక్కువ చూపిస్తుంది. ఆ మీటర్లు కర్ర కోసం పుట్టినవి. నిజంగా తెలుసుకోవాలంటే గోడలోంచి కాస్త పొడి డ్రిల్లుతో తీసి, తూకం వేసి, 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, మళ్ళీ తూచాలి. కాలేజీ ల్యాబుల్లో ఓవెను ఉంటుంది, ఈ పిల్లలు చెయ్యగలరు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. కొన్ని కింది గదుల్లో ఊట లేదు, లీకు లేదు, అయినా మే, జూన్ నెలల్లో గోడలు చెమర్చి కారుతుంటాయి. అది గాలిలో తేమ. మధ్యాహ్నం బయట 34 డిగ్రీలు, గాలిలో తేమ 70 శాతం ఉందనుకోండి. ఆ గాలి దాదాపు 28 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేన్ని తాకినా నీటిబొట్లు వదిలేస్తుంది. నేలమాళిగ గోడ 26 డిగ్రీలు ఉంటే చాలు, కారుతుంది. పాపం, ఇంటివాళ్ళు ఆరుతుందని మధ్యాహ్నం తలుపులన్నీ బార్లా తీస్తారు. తీసినకొద్దీ ఇంకా తడుస్తుంది. ఉక్కపోత నెలల్లో పగలు తలుపులు మూసి ఉంచండి. సంక్రాంతి దాటాక గాలి పొడిగా ఉండే రోజుల్లో తీసి పెట్టండి. గోడ తడి లోపల్నుంచి వస్తోందా, గాలిలోంచి పడుతోందా అని అనుమానం ఉంటే, అడుగు చదరం వంటింటి అల్యూమినియం రేకు తీసుకుని గోడకి నాలుగువైపులా టేపు గట్టిగా అంటించి రెండు రోజులు వదిలెయ్యండి. రేకు పైన చెమర్చితే అది గాలి తేమ. రేకు తీసి వెనక చూస్తే తడుంటే అది గోడలోది. రెండువైపులా ఉంటే, రెండూ ఉన్నట్టే.

పని మొదలుపెట్టేటప్పుడు పైనుంచి కిందికి రండి. పెంకులు, డాబా వాలు, చూరు నీళ్ళు ఎక్కడ పడుతున్నాయి, గొట్టం ఎక్కడ వదులుతోంది, బాత్రూమ్ పైపు, వీధి కొళాయి పైపు, సెప్టిక్ ట్యాంకు, మునిసిపల్ కాలువ పగులు. ఇల్లు కట్టాక వందేళ్ళకి తగిలించిన నీళ్ళ పైపే గోడ కింద కారుతుంటే వందేళ్ళ పునాదిని తప్పుపట్టి ఏం లాభం? వాకిలి వాలు ఇంటి నుంచి అవతలికి ఉండాలి, యాభై అడుగులకి ఒక అడుగు చొప్పున దిగినా చాలు. గోడకి ఆనించి పోసిన సిమెంటు చప్టా ఉంటే గోడ పక్కన అడుగు మేర కొట్టి తీయించండి. చప్టా కింద మట్టి ఆరే దారిలేక ఆ తడి గోడకే ఎక్కుతోంది. దాని తర్వాతే కాలువ. గోడకి కాస్త ఎడంగా కందకంలా తవ్వి, చిల్లుల పైపు పెట్టి, చుట్టూ జల్లి, దాని చుట్టూ మట్టి చొరబడకుండా జియోటెక్స్‌టైల్ గుడ్డ, వాలు గెడ్డ వైపో ఇంకుడు గుంత వైపో. ఆ గుంత ఇంటికి దూరంగా ఉండాలి సుమా. మేస్త్రి గార్లూ, ఈ తవ్వకంలో ఒక్కటి మాత్రం ఎప్పుడూ మరవకండి. పాత గోడ పునాది అడుగు కంటే కిందకి గునపం దిగకూడదు. గోడ పొడుగునా ఒకేసారి తవ్వకూడదు. మీటరు, మీటరున్నర తవ్వి, పూడ్చి, ఒకటి వదిలి ఇంకో ముక్క తవ్వాలి. పాత కట్టడాలు కూలేది చాలాసార్లు నీళ్ళ వల్ల కాదు, నీళ్ళ కోసం తవ్విన గోతుల వల్ల.

లోపల సిమెంటు ఉంటే నెమ్మదిగా ఊడదియ్యండి. సుత్తి, ఉలి చాలు, బ్రేకర్ మెషిన్ వద్దు. ఉప్పు ఎక్కువున్న చోట కాగితపు గుజ్జుని మంచినీళ్ళలో నానబెట్టి గోడకి మందంగా పట్టించి, ఆరాక తీసెయ్యండి. ఆరేటప్పుడు ఉప్పు గుజ్జులోకి వస్తుంది. ఇలా ఒకటికి నాలుగుసార్లు చెయ్యాలి. తర్వాత సున్నం, సుర్కీ, ఇసుకతో పలచటి పొరలుగా గిలాబా. ఇసుక నాగావళిదో, వంశధారదో, చంపావతిదో కావాలి. సముద్రం దగ్గరే కదా అని ఆ ఇసుక తెస్తే ఉప్పుని మన చేత్తో మనమే గోడకి పెట్టినట్టు. ఈ గిలాబా ఎప్పటికీ ఉండేది కాదు. ఉప్పుని తాను తీసుకుని, ఇటుకని కాపాడి, కొన్నేళ్ళకి తాను రాలిపోవాలి. మళ్ళీ వేసుకోవాలి. మా తాతల కాలంలో ఏటా పండక్కి సున్నం కొట్టడం ఇందుకే పనికొచ్చింది.

ఇంత చేసినా నూతి నీరు నేలమాళిగ నేల కంటే పైకొస్తుంటే, అప్పుడు మాత్రం వేరే మార్గం చూడాలి. బ్రిటిష్ ప్రమాణం బి.ఎస్. 8102 అని ఉంది, మొదట 1990లో వచ్చింది, 2022లో మళ్ళీ సవరించారు. భూమిలోపలి కట్టడానికి నీటి నుంచి రక్షణ మూడు రకాలంటుంది అది. గోడకి పొర అంటించి అడ్డుకోవడం, గోడనే నీరు చొరని కాంక్రీటుతో కట్టడం, వచ్చిన నీటిని గోడ వెనక ఖాళీలోంచి దించి బయటికి పంపడం. రెండోది కొత్త కట్టడాలకే. మొదటిది పాత గోడకి ఎందుకు సరిపడదో ఇప్పటిదాకా చెప్పింది అదే. పైగా బయటినుంచి నీరు తోస్తుంటే లోపల అంటించిన పూత గోడని వదిలేసి ఊడొస్తుంది. మిగిలింది మూడోది. బొడిపెలున్న ప్లాస్టిక్ షీటు, ఎనిమిది మిల్లీమీటర్ల బొడిపెలు, గోడకి ఎడంగా నిలబెడతారు. గోడ తన మానాన తడుస్తుంది, ఆ నీరు షీటు వెనక జారి, గోడ, నేల కలిసే చోట పెట్టిన కాలువలో పడి సంపులోకి, అంటే నీరు పోగయ్యే గుంటలోకి, చేరుతుంది. మేకులు ఇటుకలోకి కాకుండా సందుల్లోని సున్నంలోకి దిగాలి. రేపు ఎవరికైనా ఇంతకంటే మంచి ఉపాయం తోస్తే ఇది విప్పేసి గోడని ఉన్నదున్నట్టు అప్పజెప్పొచ్చు. అందుకే పరిరక్షణ పని చేసేవాళ్ళం దీనివైపు మొగ్గుతాం. సంపులో పంపు రెండు ఉండాలి, ఒకటి చెడితే ఇంకోటి. బ్యాటరీ తప్పనిసరి. హుద్‌హుద్ తర్వాత మనకి రోజుల తరబడి కరెంటు లేదు, నీరు ఎక్కువగా వచ్చే రోజూ కరెంటు పోయే రోజూ ఒకటే. పల్లం దొరికితే పంపు లేకుండా నీరు దానంతటదే పోయేలా చెయ్యడం అన్నిటికంటే మేలు.

ఒక్కోచోట తడిని ఒప్పుకోవడమే మర్యాద. హంపీలో ప్రసన్న విరూపాక్ష ఆలయం నేలకంటే కిందుంది, వానాకాలంలో లోపల నీరు నిలుస్తుంది. ఇంగ్లండులో వించెస్టర్ కెథడ్రల్ కింది గది చలికాలంలో ఇప్పటికీ మునుగుతుంది, మునగనిస్తారు. అదే చర్చి గోడలు 1900ల మొదట్లో కుంగిపోతుంటే పునాది కింద పీట్ అనే మెత్తటి మట్టి తీసి కాంక్రీటు నింపాల్సి వచ్చింది. గోతుల్లో ఊట. నీరు తోడేస్తే గోడలు కూలతాయని ఇంజనీర్లు తోడలేదు. విలియం వాకర్ అనే గజ ఈతగాడు 1906 నుంచి 1911 దాకా ఆ చీకటి నీళ్ళలోకి దిగి, చేతులతో తడుముకుంటూ కాంక్రీటు బస్తాలు పేర్చాడు. అడుగు గట్టిపడ్డాకే నీరు తోడారు. అంత కష్టమెందుకు పడ్డారో మన కాంట్రాక్టర్లు ఒక్కసారి ఆలోచించాలి.

ఇక మీరు అడగండి.

(ఒక మేస్త్రి: సున్నంలో కరక్కాయ, బెల్లం నీళ్ళు ఎంత పొయ్యమంటారు బాబూ? మా నాన్నగారు చెప్పిన పాళ్ళు ఒకటి, ఇప్పుడు ఇంజనీర్లు చెప్పేది ఒకటి.)

మీ నాన్నగారి పాళ్ళు రాసిపెట్టండి మేస్త్రి గారూ, పోగొట్టకండి. బెల్లం నీళ్ళు పడితే సున్నం తాపీకి బాగా లొంగుతుంది. కానీ ఎక్కువ పోస్తే ఎక్కువ బలం అనుకోవద్దు. నేనైతే ఒక వంతు సున్నం, ఒక వంతు సుర్కీ, రెండు వంతుల ఇసుకతో మొదలుపెట్టి, గోడ మీద మూడు నాలుగు రకాల నమూనా పట్టీలు వేసి, ఒక వాన చూశాక నిర్ణయిస్తాను. సుర్కీకి మాడి నల్లబడిన ఇటుక వద్దు, తక్కువ మంట మీద కాలింది తీసుకోండి, అదే సున్నంతో బాగా కలుస్తుంది. వేశాక తడి గోనెపట్టా కప్పి వారం పదిరోజులు ఆరనివ్వకండి.

(ఒక మహిళ: మా అత్తగారింట్లో కింద పాత కొట్టు ఉందండీ. పిల్లలకి ట్యూషన్ గది చేద్దామని, టైల్స్, పుట్టీ, ఏసీ అంటున్నారు. చెయ్యొచ్చా?)

టైల్స్, పుట్టీ రెండూ వద్దమ్మా. గోడకి సున్నం, నేలకి నాపరాళ్ళు పెట్టించుకోండి. పిల్లలు కూర్చునే గది కాబట్టి ముందు ఒక వానాకాలం ఖాళీగా వదిలి, నూతి లెక్క, రేకు పరీక్ష రెండూ చెయ్యండి. బూజు వాసన వస్తున్నంతకాలం పిల్లల్ని అక్కడ కూర్చోబెట్టకండి. ఏసీ కంటే తేమ పీల్చే డీహ్యూమిడిఫయర్ నయం, అది కూడా మరీ గట్టిగా నడపకూడదు. గోడ హఠాత్తుగా ఆరితే లోపలున్న ఉప్పంతా ఒక్కసారి బయటికొచ్చి పెచ్చులు లేస్తాయి. బీరువాలు గోడకి నాలుగంగుళాలు ఎడంగా పెట్టండి. తెలిసిన వాళ్ళు లేకపోతే మీ అత్తగారినే అడగండి, ఆ కొట్టులో ఏ నెలలో ధాన్యం పెట్టేవారో, ఏ నెలలో తీసేసేవారో. అది చాలా చెబుతుంది.

(ఒక విద్యార్థి: సార్, తుపానుకి నేలమాళిగ నిండిపోతే మర్నాడే మోటారు పెట్టి తోడెయ్యొచ్చా?)

తోడొద్దు బాబూ. లోపలి నీరు బయటి నీటిని ఎదురు తోస్తోంది. లోపలిది ఒక్కసారిగా తీసేస్తే బయట చదరపు మీటరుకి టన్ను, రెండు టన్నుల తోపుడు సున్నపు గోడ మీద పడుతుంది, నేల పైకి ఉబ్బుతుంది. ముందు మెయిన్ స్విచ్ ఆపించి, కరెంటు లేదని తేలాకే దిగాలి. నూతిలో చూడండి. నూతి నీరు లోపలి నీటి ఎత్తులోనే ఉంటే ఆగండి. తగ్గడం మొదలయ్యాక ఒక అడుగు మాత్రం తోడి, గోడ మీద సుద్దతో గీత గీసి రాత్రంతా వదిలెయ్యండి. తెల్లారి నీరు గీత దాటి పైకొస్తే ఇంకా సమయం కాలేదు, రెండు రోజులు ఊరుకోండి. గీత దగ్గరే ఉంటే రెండడుగులు తోడి, మళ్ళీ గీత, మళ్ళీ రాత్రి. మోటారులో మట్టి, ఇసుక వస్తున్నాయేమో బకెట్లో పట్టి చూస్తుండండి. వస్తే వెంటనే ఆపెయ్యండి, ఎందుకంటే అది పునాది కింది మట్టి.